జన్మనక్షత్రము, జన్మరాశి : జాతకశాస్త్ర చరిత్రలో చంద్రుని స్థానము

ఉగాదినాడు పంచాంగశ్రవణమునకు కూర్చుండిన తెలుగువారిలో తమ రాశి యేదో యెఱుగనివారు అరుదు. ఆదాయవ్యయములు, రాజపూజ్యావమానములు పండ్రెండు రాశులకును వరుసగా చదువబడుచుండగా ప్రతివారును తమ రాశి వచ్చువఱకు చెవియొగ్గి యుందురు. వారిలో నొకరిని 'మీ రాశి యేది?' అని యడిగినచో వృషభమనియో తులయనియో వెంటనే చెప్పుదురు. అది వారు జన్మించినపుడు సూర్యుడున్న రాశి కాదు, తూర్పుదిక్కున ఉదయించుచుండిన లగ్నరాశియు కాదు, చంద్రుడున్న రాశి. జన్మరాశి యనగా మనకు చంద్రరాశియే. ఇట్లేల యైనది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో మన జాతకశాస్త్రము ఏయే మూలములనుండి యేర్పడినదో కొంతవఱకు తేటపడును.

ఈ శాస్త్రమునంతయు 'వైదిక జ్యోతిష'మను నొక్క పేరుతో పిలుచుట నేడు వాడుకయైనది. ఆ పేరు సగము మాత్రమే సత్యము. నక్షత్రము వైదికము, రాశి వైదికము కాదు. ఈ రెండును వేఱువేఱు దేశములందు, వేఱువేఱు ప్రయోజనములకై పుట్టి, క్రీస్తుశకపు తొలి శతాబ్దులలో మన దేశమున కలిసికొన్నవి. ఆ కలయికకు చంద్రుడే ముఖ్యస్థానమయ్యెను. జన్మరాశి యనునది ఆ రెండు సంప్రదాయములను కలిపి కుట్టిన కుట్టు. ఈ విషయమును గ్రంథముల సాక్ష్యముచేతను, తెలుగుదేశపు శాసనముల సాక్ష్యముచేతను, నేటి పంచాంగవ్యవహారముచేతను నిరూపింప యత్నింతుము. ఫలభాగము నిజమగునా కాదా యనునది వేఱు ప్రశ్న. దానిని గూర్చి చివర నొక్క మాట మాత్రము చెప్పెదము.

మొదట పరిభాషను స్పష్టపఱచుకొందము. చంద్రుడు తారకల నడుమ ఒక చుట్టు తిరిగి వచ్చుటకు దాదాపు 27 దినముల 8 గంటలు పట్టును. కావున ఆతని మార్గమును 27 భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమునకు ఆ ప్రాంతమునగల తారకల పేరు పెట్టిరి. ఇంచుమించు దినమునకొక నక్షత్రము. 360 అంశలను 27 చేత భాగించినచో ఒక్కొక్క నక్షత్రమునకు 13 అంశల 20 కళలు వచ్చును. రాశివిభాగము ఇందుకు భిన్నము. అది సూర్యుని సంవత్సరగతి ననుసరించి పండ్రెండు సమభాగములు చేసినది. ఒక్కొక్క రాశికి 30 అంశలు. సూర్యుడొక రాశియందు సుమారు ఒక నెల యుండును. చంద్రుడు సుమారు రెండుంబావు దినము లుండును. లగ్నము సుమారు రెండు గంటలకొక పర్యాయము మాఱును. ఈ మూడు కాలపరిమాణములతో మనకు ముందు పని కలదు గనుక వీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

వేదమునందు నక్షత్రప్రసక్తి సమృద్ధిగా నున్నది. ఋగ్వేద దశమమండలములోని సూర్యా వివాహసూక్తమున మఖ, ఫల్గునులు అఘా, అర్జునీ యను పేర్లతో గానవచ్చును. తైత్తిరీయసంహిత చతుర్థకాండమున నక్షత్రముల పట్టిక అధిదేవతలతో సహా కలదు. అది కృత్తికతో ఆరంభమగును. అథర్వవేదము పందొమ్మిదవ కాండమునందలి పట్టికలో అభిజిత్తుతో కూడ 28 నక్షత్రములు చెప్పబడినవి. దానికిని కృత్తికయే మొదలు. తైత్తిరీయశాఖ తెలుగుదేశపు వైదికులలో మిక్కిలి ప్రచారము గలది గనుక కృత్తికాదియైన యీ వరుస మన వేదపాఠములలో నేటికిని వినబడుచున్నది. ప్రజాపతి తన ముప్పదిమువ్వురు కుమార్తెలను సోమునకిచ్చి వివాహము చేసెననియు, ఆతడు రోహిణియందు మాత్రమే మక్కువ గలిగి యుండుటచే రాజయక్ష్మము పాలయ్యెననియు ఆ సంహితయే ద్వితీయకాండమున చెప్పుచున్నది. పురాణములలో ఈ భార్యలు దక్షుని కుమార్తెలై, 27 మంది యైరి. చంద్రుడు దినమునకొక నక్షత్రమును చేరుచు, క్రమముగా క్షీణించు దృశ్యమే యీ కథకు ఆధారమని వేఱుగ చెప్పనక్కఱలేదు.

లగధుని పేర ప్రసిద్ధమైన వేదాంగజ్యోతిషము ఈ జ్ఞానమునకు గణితరూపము నిచ్చినది. అది చాల చిన్న గ్రంథము. ఋగ్వేదపాఠమున 36 శ్లోకములు, యజుర్వేదపాఠమున నలువదికి కొంచెము పైబడి యున్నవి. అందు కాలమునకు మూలమైన మానము ఐదేండ్ల యుగము. ఒక యుగమున 1830 దినములు, 62 చాంద్రమాసములు. ఆ కాలములో చంద్రుడు నక్షత్రచక్రమును 67 మారులు చుట్టివచ్చును. ఉత్తరాయణారంభము ధనిష్ఠానక్షత్రపు మొదట చెప్పబడినది. ఈ స్థితి క్రీ.పూ. 14-12 శతాబ్దుల నాటి ఆకాశమునకు సరిపోవునని గణకులు నిర్ణయించిరి. ఐనను గ్రంథపు భాష అంత ప్రాచీనమైనది కాదు. ఏ కర్మ ఏ దినమున చేయవలెనో తెలిసికొనుటయే ఈ శాస్త్రమునకు ప్రయోజనము. అందు మేషాదిరాశులు లేవు, ఆదిత్యాదివారములు లేవు, పుట్టినవానికి ఏమి జరుగునో చెప్పు ప్రసక్తి లేదు.

ఐనచో మనుష్యుని జన్మకును నక్షత్రమునకును గల సంబంధము రాశులతోపాటు వచ్చినదా? కాదు. ఇది మన విషయమునకు ముఖ్యమైన అంశము. యజ్ఞకర్మయందు యజమానుని జన్మనక్షత్రదేవతను బట్టి యేర్పడిన నామముతో వ్యవహరింపవలెనని వేదాంగజ్యోతిషమే చెప్పుచున్నది. తెలుగునాట విరివిగా అనుసరింపబడు ఆపస్తంబ గృహ్యసూత్రము శిశువునకు నక్షత్రనామమును కూడ నిర్దేశింపవలెననియు, అది రహస్యముగా నుంచదగినదనియు విధించినది. పాణిని తద్ధితప్రకరణమున శ్రవిష్ఠ, ఫల్గుని, అనూరాధ, స్వాతి, తిష్య, పునర్వసు మొదలగు నక్షత్రములందు పుట్టినవారి పేర్లు ఎట్లేర్పడునో ప్రత్యేకసూత్రముచేత చెప్పెను. అశోకచక్రవర్తి ధర్మలిపులలో తిష్య, పునర్వసు దినములకు విశేషగౌరవము కనబడుచున్నది. కావున ఒకడు పుట్టిననాడు చంద్రుడే నక్షత్రముతో కూడి యున్నాడను విషయము, రాశులు ఈ దేశమున తెలియకముందే, వాని వ్యక్తిత్వమునకు గుర్తుగా నుండెను. అది భవిష్యత్తును చెప్పు సాధనము కాదు. వాని పేరు, వాని దైవము.

ఇతిహాసములందలి రెండు జన్మవృత్తాంతములను పోల్చి చూచినచో ఈ భేదము సులభముగా బోధపడును. సంస్కృతభారతము ఆదిపర్వమున యుధిష్ఠిరుని జననమును చెప్పు పట్టున చంద్రుడు ఐంద్రమైన జ్యేష్ఠానక్షత్రముతో కూడియుండుట, అభిజిన్ముహూర్తము, తిథి పేర్కొనబడినవి; రాశి కాని, లగ్నము కాని చెప్పబడలేదు. ప్రచారములోనున్న రామాయణ బాలకాండపాఠమున శ్రీరాముని జననము పునర్వసునక్షత్రముతోపాటు కర్కాటకలగ్నముతోను, ఐదు గ్రహముల ఉచ్చస్థితితోను వర్ణింపబడినది. మొదటిది నక్షత్రసంప్రదాయము, రెండవదానిలో ఆ సంప్రదాయముమీద జాతకసంప్రదాయము వచ్చి చేరినది. ఒక గ్రంథమునందలి యొక భాగము ఏ కాలమునకు చెందినదో నిర్ణయింప యత్నించు పరిశోధకునకు ఇట్టి గుర్తులు మిక్కిలి ఉపకరించును.

ఇక రాశుల చరిత్రను చూతము. సూర్యచంద్రగ్రహముల మార్గమును పండ్రెండు సమభాగములు చేయుట క్రీ.పూ. 5వ శతాబ్దినాటికి బాబిలోనియాలో స్థిరపడినది. పుట్టిన దినమున గ్రహములున్న చోట్లను వ్రాసిన మట్టిపలకలలో మిక్కిలి ప్రాచీనములైనవి క్రీ.పూ. 410 నాటివి. ఆ జ్ఞానము గ్రీకులకు చేరి, క్రీస్తుపూర్వపు చివరి శతాబ్దులలో ఈజిప్టుదేశమున గ్రీకుభాషలో లగ్నమును, పండ్రెండు భావములును గల జాతకపద్ధతిగా పరిణమించినది. పశ్చిమసముద్రవర్తకము ముమ్మరముగానుండిన కాలమున అది పశ్చిమభారతమునకు వచ్చినది. సంస్కృతమున ఈ విద్యను తెలుపు గ్రంథములలో మనకు లభించిన తొలివానిలో స్ఫుజిధ్వజుని యవనజాతక మొకటి. దాని ప్రాచీన తాళపత్రప్రతి నేపాళమున లభించినది. డేవిడ్ పింగ్రీ 1978లో దానిని పరిష్కరించి ప్రకటించి, గ్రీకునుండి అనువాదము క్రీ.శ. 149-150లోను, శ్లోకరచన 269-270లోను జరిగినదని నిర్ణయించెను. 2013లో బిల్ మాక్ ఆ ప్రతిని మరల పరిశీలించి, ఆ సంవత్సరములకు ఆధారమైన పాఠములు నిలువవని చూపెను. కావున ఆ రెండు సంవత్సరములను నిశ్చితములని పాఠ్యగ్రంథములలో వ్రాయుట ఇకమీదట తగదు. ఐనను ఆ గ్రంథమునందలి విద్య యవనమూలకమనుటకు దీనివలన భంగము లేదు. గ్రంథనామమే దానికి సాక్షి.

వరాహమిహిరునికడకు వచ్చునప్పటికి మనము నిశ్చితమైన భూమిమీద నిలుతుము. ఆతని పంచసిద్ధాంతికయందలి గణితారంభము శకవర్షము 427, అనగా క్రీ.శ. 505. ఆతని బృహజ్జాతకము నేటికిని జ్యోతిష్కులకు ప్రామాణికగ్రంథము. దాని మొదటి అధ్యాయముననే రాశులకు పర్యాయపదములుగా క్రియ, తావురి, జితుమ, లేయ, పాథోన, జూక, కౌర్ప్య, తౌక్షిక, ఆకోకేర, హృద్రోగ మొదలగునవి చెప్పబడినవి. వీనిలో పెక్కింటికి సంస్కృతధాతువులతో అర్థము కుదురదు. గ్రీకుభాషలో క్రియోస్ అనగా పొట్టేలు, తౌరోస్ అనగా ఎద్దు, పార్థెనోస్ అనగా కన్య, స్కొర్పియోస్ అనగా తేలు. కుంభరాశికి హృద్రోగమను పేరు గుండెజబ్బువలన వచ్చినది కాదు. నీరు పోయువాడను నర్థముగల గ్రీకుపదము సంస్కృతవేషము ధరించినది. కేంద్రము, పణఫరము, ఆపోక్లిమము, ద్రేక్కాణము, లిప్త యను పరిభాషయు ఇట్టిదే. శాస్త్రమునకే పేరైన 'హోర' కూడ గ్రీకుపదమే. ఐనను అహోరాత్రశబ్దమునందలి తొలి అక్షరమును, తుది అక్షరమును లోపింపగా హోర యేర్పడినదని కొందఱు చెప్పుదురని వరాహమిహిరుడు వ్రాసెను. అరువు వచ్చిన పదమునకు స్వదేశవ్యుత్పత్తి కల్పించు యత్నమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

ఆచార్యుడు ఈ ఋణమును దాచలేదు. యవనులు మ్లేచ్ఛులైనను వారియందు ఈ శాస్త్రము చక్కగా నెలకొని యుండుటచేత వారును ఋషులవలె పూజింపబడుచున్నారని గర్గుని అభిప్రాయముగా బృహత్సంహితయందు చెప్పబడినది. వేయిన్నైదువందల యేండ్లక్రిందట మన పండితునకు అవమానకరముగా తోచని సత్యము మనకు మాత్రమేల అవమానకరము కావలెను? ఇంకొక విశేషమును గమనింపవలెను. చంద్రునినుండి రెండవ రాశియందు, పండ్రెండవ రాశియందు, రెంటియందు గ్రహములుండుటను బట్టియు, రెంటియందును లేకుండుటను బట్టియు చెప్పు యోగములు నాలుగు: సునఫ, అనఫ, దురుధుర, కేమద్రుమము. ఇవి కేవలము చంద్రయోగములు. కాని వీని పేర్లును యవనపదములే. దురుధుర దొరుఫొరియా యనుదానికి, కేమద్రుమము కెనొద్రొమియా యనుదానికి రూపాంతరములు. అనగా వచ్చిన విద్యలోను చంద్రునకు పీట కలదు. కావుననే మన చంద్రుడు, వారి చంద్రుడు సులభముగా కలిసిరి.

సాహిత్యవిద్యార్థులకు పరిచితమైన ఉదాహరణమును కూడ చెప్పెదము. కుమారసంభవము సప్తమసర్గారంభమున పార్వతీవివాహమునకు జామిత్రగుణముగల తిథిని నిశ్చయించినట్లు కాళిదాసు వర్ణించెను. జామిత్రమనగా లగ్నమునకు ఎదుటిదియగు సప్తమస్థానము, గ్రీకున దియామెత్రోస్. రఘువంశము తృతీయసర్గమున రఘువు పుట్టినపుడు ఐదు గ్రహములు ఉచ్చస్థితియం దుండెనని చెప్పెను. పార్వతీపరమేశ్వరుల పెండ్లికి యవనపరిభాషతో ముహూర్తము పెట్టుట ఆనాటి రసికులకు వింతగా తోచలేదు. అప్పటికే ఆ పదము ఇంటి పదమైపోయినది.

కలయిక యెట్లు జరిగినదో ఇక చూడవలెను. 27 నక్షత్రములు, 12 రాశులు. ఒకదానిని మఱియొకటి నిశ్శేషముగా భాగింపదు. ఒక్కొక్క రాశికి రెండుంబావు నక్షత్రము వచ్చును. ఈ 'పావు'ను సరిపెట్టుటకు నక్షత్రమును నాలుగు పాదములుగా విభజింపగా 108 పాదము లేర్పడినవి; రాశికి తొమ్మిది పాదముల చొప్పున లెక్క సరిపోయినది. అశ్విని నాలుగు పాదములు, భరణి నాలుగు, కృత్తిక మొదటి పాదము మేషము. కృత్తిక మిగిలిన మూడు, రోహిణి నాలుగు, మృగశిర రెండు వృషభము. మన పిల్లలు ఎక్కమువలె వల్లించు ఈ పట్టికయే రెండు సంప్రదాయముల సంధిపత్రము. ఈ సంధిలో దెబ్బతిన్నవి నక్షత్రములు. కృత్తిక, మృగశిర, పునర్వసు, ఉత్తర, చిత్త, విశాఖ, ఉత్తరాషాఢ, ధనిష్ఠ, పూర్వాభాద్ర యను తొమ్మిదియు రెండేసి రాశులనడుమ చీలిపోయినవి. రెండు విభాగములును ఆదినుండి యొక్కచో పుట్టియున్నచో ఇట్టి చీలిక యేర్పడ నవసరము లేదు. మేషాదితో కలియుటకై వరుసయు మాఱి, కృత్తికకు మాఱుగ అశ్విని మొదటిదైనది.

ఈ మార్పు తెలుగుదేశపు శాసనములలో చదువదగియున్నది. మూడవ శతాబ్దినాటి విజయపురి ఇక్ష్వాకుల శాసనములలో కాలము సాధారణముగా రాజ్యవర్షము, ఋతుపక్షము, దినము అను మూటితో చెప్పబడును. వీరపురుషదత్తుని 6వ వర్షము, వర్షాకాలపు 6వ పక్షము, 10వ దినము అనునది అట్టిది. అందు రాశి లేదు, వారము లేదు. ఉత్తరదేశమున బుధగుప్తుని ఎరాన్ శాసనమున, క్రీ.శ. 484లో, గురువారము కనబడుచున్నది. వేంగీ చాళుక్యులకాలమునకు వచ్చునప్పటికి చిత్రము పూర్తిగా మాఱినది. రెండవ అమ్మరాజు పట్టాభిషేకము శకవర్షము 867, అనగా క్రీ.శ. 945, మార్గశిర బహుళ త్రయోదశి, శుక్రవారము, మైత్రమనగా అనూరాధానక్షత్రము, సూర్యుడు ధనుస్సునందుండగా, కుంభలగ్నమున జరిగినట్లు ఆతని తామ్రశాసనములు చెప్పుచున్నవి. నన్నయభట్టారకుని పోషకుడైన రాజరాజనరేంద్రుని పట్టాభిషేకము శకవర్షము 944, అనగా క్రీ.శ. 1022, సూర్యుడు సింహమునందుండగా, బహుళ విదియ, గురువారము, ఉత్తరాభాద్రానక్షత్రము, తులాలగ్నమున జరిగినట్లు కోరుమిల్లి శాసనము తెలుపుచున్నది.

ఈ రెండు శాసనములందును ఒక్క విషయమును గమనింప ప్రార్థింతుము. సూర్యుని స్థానము రాశిచేత చెప్పబడినది; చంద్రుని స్థానము నక్షత్రముచేత చెప్పబడినది. అనూరాధ యన్నప్పుడు చంద్రుడు వృశ్చికమునను, ఉత్తరాభాద్ర యన్నప్పుడు మీనమునను ఉన్నట్లు పాఠకునకు తెలియును. కాని శాసనకర్త ఆ రాశిని పేర్కొనలేదు. రాశులు వచ్చి కొన్ని శతాబ్దులు గడచినను చంద్రుడు మాత్రము తన పాతయింటి పేరుతోనే పిలువబడుచుండెను. వైదికమైన భాగమును, యవనమూలకమైన భాగమును ఒక్క వాక్యమున ప్రక్కప్రక్కన నిలిచియుండుట ఇక్కడ స్పష్టముగా కనబడుచున్నది.

నేటి పంచాంగమునందును ఈ పొరలు అట్లే యున్నవి. తారాబలము, చంద్రబలము అని రెండు బలములను చూతురు. మొదటిది జన్మనక్షత్రమునుండి లెక్కింపబడును, రెండవది జన్మరాశినుండి. వధూవరుల పొంతనమున 36 గుణములలో తార 3, యోని 4, గణము 6, నాడి 8 నక్షత్రమును బట్టి వచ్చును, మొత్తము 21. వర్ణము 1, వశ్యము 2, గ్రహమైత్రి 5, రాశికూటము 7 రాశిని బట్టి వచ్చును, మొత్తము 15. వింశోత్తరీదశ 120 ఏండ్లది. చంద్రుడున్న నక్షత్రమునుబట్టి దాని ఆరంభము నిర్ణయింపబడును. దాని తొలి అధిపతి రవి. రవికి చెందిన తొలి నక్షత్రము అశ్విని కాదు, కృత్తిక. వరాహమిహిరుడు తన జాతకగ్రంథమున ఈ దశను చెప్పలేదు. కాని దీని వరుసలో మాత్రము తైత్తిరీయసంహితనాటి కృత్తికాదిక్రమము జాడ నిలిచియున్నది. ఏలినాటి శని యిందుకు ఎదురుదిక్కున రాశిపక్షమునకు చెందినది: శని రాశికొక్కింటికి సుమారు రెండున్నర యేండ్లుండును గనుక జన్మరాశికి పండ్రెండవది, జన్మరాశి, రెండవది యను మూటికిని కలిపి ఏడున్నర యేండ్లు.

పేరునుబట్టి నక్షత్రమును చెప్పుటయు ఈ పాదవిభాగముననే యాధారపడినది. 108 పాదములకును అక్షరము లేర్పఱచిరి. చూ, చే, చో, లా అశ్వినికి చెందినవి. జన్మకాలము వ్రాసి పెట్టుకొనని గృహములందు నామనక్షత్రమే శరణ్యము. ఈ అక్షరములలో ఙ, ణ వంటివి కూడ గలవు. వానితో మొదలగు తెలుగుపేర్లు లేవు. కావున ఈ పట్టిక ప్రజల పేర్లను చూచి కూర్చినది కాదు, వర్ణమాలను చూచి కూర్చినదని గ్రహింపవచ్చును. ఐనను ప్రాచీనకాలమున నక్షత్రమునుబట్టి పేరు పెట్టుచుండగా, ఇప్పుడు పేరునుబట్టి నక్షత్రమును వెదకుట జరుగుచున్నది. సంబంధము నిలిచినది, దాని దిక్కు మాఱినది.

ఇన్ని రాశులలో చంద్రరాశియే 'జన్మరాశి' యగుటకు మాకు రెండు కారణములు తోచుచున్నవి. మొదటిది సంప్రదాయము: పుట్టినవానిని చంద్రనక్షత్రముచేత గుర్తించుట అంతకుముందే స్థిరపడియుండెను, కొత్తగా వచ్చిన రాశి ఆ గుర్తుమీదనే యెక్కినది. రెండవది సౌలభ్యము: లగ్నమును నిర్ణయించుటకు గడియలతో సహా కాలము తెలియవలెను, అది అందఱి యిండ్లలో సాధ్యము కాదు, సూర్యరాశి నెలకొకటియే గనుక మనుష్యులను వేఱుపఱచుటకు చాలదు. రెండుంబావు దినముల చంద్రరాశి ఈ రెంటికిని మధ్యస్థము. పుట్టిన దినము తెలిసినచో పంచాంగమున దొరకును. పాశ్చాత్యపత్రికలలో సూర్యరాశి ఫలములు ప్రచారమునకు వచ్చుట మిక్కిలి ఇటీవలి మాట. 1930లో లండనులోని సండే ఎక్స్‌ప్రెస్ పత్రికలో నేలర్ వ్రాసిన జాతకవ్యాసముతో ఆ శీర్షికలకు ఆదరణ కలిగినది. తెలుగుపత్రికలోని రాశిఫలములును, ఇంగ్లీషుపత్రికలోని రాశిఫలములును ఒకే మనిషికి వేఱువేఱు రాశులను చూపుటకు కారణ మిదియే. ఒకటి చంద్రునిది, మఱియొకటి సూర్యునిది. అంతేకాక, రాశిచక్రపు మొదలును గూర్చియు ఆ రెంటికి భేదము కలదు.

ఆ భేదము అయనాంశ. విషువద్బిందువు తారకలనడుమ మెల్లగా వెనుకకు జరుగుచుండును. పూర్వము ఉత్తరాయణము ధనిష్ఠాదినుండి చెప్పబడినదనియు, తన కాలమున అది మకరాదిని జరుగుచున్నదనియు వరాహమిహిరుడు బృహత్సంహితయందు నిర్మొగమాటముగా వ్రాసి, ప్రత్యక్షపరీక్షచేత నిర్ణయింపవలెనని సూచించెను. పాశ్చాత్యులు విషువద్బిందువునే మేషాదిగా గైకొనిరి. మనవారు తారకలను విడువలేదు. నక్షత్రములతో ముడివడిన రాశిచక్రమునకు వేఱు మార్గము లేదు. 1952లో మేఘనాద సాహా అధ్యక్షతన నియమింపబడిన పంచాంగసంస్కరణసంఘము 1955లో నివేదిక సమర్పించినది. చిత్తతారను ఆధారముగా గొని, 1956 మార్చి 21 నాటికి అయనాంశ 23 అంశల 15 కళలని ఆ సంఘము నిర్ణయించినది. 1957 మార్చి 22 నుండి జాతీయపంచాంగము అమలులోనికి వచ్చినది. ఐనను దృగ్గణితపంచాంగములకును పూర్వసిద్ధాంతపంచాంగములకును నక్షత్రాంతములలో భేదములు పోలేదు. చీలిన తొమ్మిది నక్షత్రములలో పుట్టినవానికి పాదమొక్కటి మాఱినను రాశియే మాఱవచ్చును.

ఈ చరిత్ర పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. 2001లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము జ్యోతిర్విజ్ఞానమును పట్టపరీక్షలకు పాఠ్యవిషయముగా ప్రవేశపెట్ట నిశ్చయించినపుడు, హైదరాబాదులోని సి.సి.ఎం.బి. స్థాపక సంచాలకుడైన పుష్పమిత్ర భార్గవ మొదలగువారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నాశ్రయించిరి. ఆ యేడే వారి యర్జీ త్రోసివేయబడినది. 2004లో సుప్రీంకోర్టు, విద్యావిషయమున నిపుణసంఘముల నిర్ణయమును తాను త్రోసిపుచ్చదగదను తలంపుతో, వారి అప్పీలునుకూడ నిరాకరించినది. 2009లో జయంత నార్లీకర్ సహచరులతో కలిసి మహారాష్ట్రమున జరిపిన పరీక్షాఫలమును ప్రకటించెను. ప్రతిభావంతులైన బాలుర జాతకములను, బుద్ధిమాంద్యము గలవారి జాతకములను కలిపి యొక్కొక్కరికి 40 చొప్పున ఇయ్యగా, 27 మంది జ్యోతిష్కుల సమాధానములలో సగటున నూటికి 46 మాత్రమే సరియైనవి. నాణెమెగురవేసినను నూటికి 50 రాగలవు. ఫలభాగమును గూర్చి మేము చెప్పదలచిన మాట ఇంతియే: పరీక్షకు నిలిచినదని చూపనిదే దానిని విజ్ఞానమని బోధింపరాదు.

కాని ఫలము నిలువనంతమాత్రమున చరిత్ర త్రోసివేయదగినది కాదు. శాసనకాలనిర్ణయము, ప్రబంధములందలి శ్లేషార్థవివరణము, ఆచారముల అధ్యయనము ఈ పరిభాష తెలియనిచో సాగవు. అందుచేత మా విద్యార్థులకు మేము చెప్పునది ఇది. ఒక గ్రంథమున నక్షత్రము మాత్రమే కనబడినచో అది పాతపొర కావచ్చును. రాశియో లగ్నమో వారమో కనబడినచో ఆ భాగము క్రీస్తుశకపు తొలి శతాబ్దులకు పూర్వమని చెప్పుటకు బలమైన వేఱు సాక్ష్యము కావలెను. 'వైదిక'మను విశేషణమును ఎక్కడ ఉంచవలెనో అక్కడనే యుంచినచో వేదమునకు కొఱత రాదు. యవనులయొద్ద నేర్చినదానిని తనదిగా మలచుకొనగలిగిన మేధకును కొఱత రాదు. కృత్తిక మొదటి పాదము మేషమని వల్లించు పిల్లవాడు, తెలియకయే, లగధుని ఒక చేతను, స్ఫుజిధ్వజుని మఱియొక చేతను పట్టుకొని నడచుచున్నాడు. ఆ చేతులు ఎవరెవరివో వానికి తెలియజెప్పుట ఉపాధ్యాయులమైన మన పని.